అణు కేంద్రాల వ్యర్థజలాలలో ప్రమాదవశాత్తు కలిసే రసాయనాలు: సాగునీటి పరీక్ష, విస్తరణ సిబ్బంది కర్తవ్యాలు

సారాంశం

అణు విద్యుత్ కేంద్రం నుండి వెలువడే నీటి విషయంలో చర్చ ప్రధానంగా రేడియోధార్మికత చుట్టూ సాగుతుంది. అయితే బోరాన్, సోడియం, అమ్మోనియా, హైడ్రజీన్, క్లోరిన్ వంటి రసాయనాలు కూడా ఈ నీటిలో ఉండవచ్చు. వీటివల్ల పైరుకు కలిగే హానిని రేడియేషన్ కొలిచే పరికరం పసిగట్టలేదు. నీటి పరీక్ష మాత్రమే తెలుపగలదు. ప్రమాదానికి ముందే సేకరించిన ఆధార వివరాలు లేనిచో, ఆ తరువాత జరిపే పరీక్ష రైతుకు అంతగా ఉపకరించదని తుమ్మలపల్లె అనుభవం సూచిస్తున్నది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ పరిసరాలకు ఇది ముఖ్యమైన పాఠం.

ముఖ్య పదాలు: వ్యర్థజలం, బోరాన్, అవశేష సోడియం కార్బొనేట్, ఆధార వివరాలు, కొవ్వాడ, తుమ్మలపల్లె

పరిచయం

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ వద్ద ఒక్కొక్కటి 1208 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు ఏపీ-1000 రియాక్టర్లను నెలకొల్పాలన్నది ప్రతిపాదన. ఇవి పీడన జల రియాక్టర్లు. కేంద్రం సముద్రతీరాన ఉన్నందున వాడిన నీరు ప్రధానంగా సముద్రంలోకే చేరుతుంది. అయినప్పటికీ ఒక తొట్టి పొంగినా, ఒక గొట్టం పగిలినా ఆ ద్రవం ముందుగా చేరేది నేలలోకి, గెడ్డలలోకి, నిస్సారమైన బావులలోకే. కనుక తీర మండలాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ రసాయనాల స్వభావం తెలిసి ఉండాలి.

రసాయనాల మూలాలు

పీడన జల రియాక్టరులో చర్యావేగాన్ని అదుపు చేయడానికి ప్రాథమిక వలయపు నీటిలో బోరిక్ ఆమ్లాన్ని కలుపుతారు. ఇంధనం మార్చే సమయంలో ఆ నీటిలో బోరాన్ లీటరుకు 2000 మి.గ్రా. మించి ఉంటుంది. ఆవిరి వలయంలో కరిగిన ఆక్సిజన్‌ను తొలగించడానికి హైడ్రజీన్‌ను, ఉదజని సూచికను నిలపడానికి అమ్మోనియా వంటి క్షారాలను వాడుతారు. నీటిని ఖనిజరహితం చేసే రెజిన్లను ఆమ్లంతోను, కాస్టిక్ సోడాతోను శుభ్రపరుస్తారు. తటస్థీకరణ తొట్టిలో లోపం ఏర్పడితే తీవ్ర ఆమ్ల లేదా క్షార జలం బయటపడుతుంది. శీతలీకరణ గొట్టాలలో జీవులు పేరుకొనకుండా క్లోరిన్‌ను ప్రయోగిస్తారు.

పైరుపై ప్రభావం

వీటిలో సాగుకు దీర్ఘకాలం సమస్యగా నిలిచేవి బోరాన్, సోడియం. సాగునీటిలో బోరాన్ లీటరుకు 0.7 మి.గ్రా. లోపు ఉంటే ఆంక్షలు అవసరం లేదు, 3 మి.గ్రా. దాటితే వినియోగంపై తీవ్రమైన ఆంక్షలు తప్పవు. 2000 మి.గ్రా. గాఢత గల ఒక ఘనపు మీటరు ద్రవం 0.7 మి.గ్రా. స్థాయికి పలచబడాలంటే సుమారు 2,850 ఘనపు మీటర్ల స్వచ్ఛమైన నీరు కావలెను. వేరుశనగ బోరాన్‌ను తట్టుకోలేని పంటలలో ఒకటి. పత్తి బాగా తట్టుకొంటుంది. విషలక్షణాలు ముందుగా ముదురు ఆకుల కొనలు, అంచులపై పసుపుగా కనిపించి, పిదప ఎండుగా మారుతాయి. పొటాష్ లోపం కూడా ముదురు ఆకుల అంచులనే మాడ్చును గనుక, చూపుతోనే నిర్ధారించి ఎరువు సిఫారసు చేయరాదు. నేలలో చేరిన బోరాన్‌ను కడిగివేయడానికి సాధారణ లవణాలకన్నా ఎక్కువ నీరు అవసరం.

హైడ్రజీన్ ఆక్సిజన్ సమక్షంలో క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. కాని అంతలోనే చేపలకు, నాచుకు హాని చేయగలదు. అమ్మోనియా విషత్వం ఉదజని సూచిక, ఉష్ణోగ్రతలతో పాటు పెరుగుతుంది. చెరువులలో చేపలు, రొయ్యలు పెంచేవారికి ఈ రెండింటి గురించి తెలియజేయాలి.

తుమ్మలపల్లె పాఠం

వై.ఎస్.ఆర్. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఉన్నది విద్యుత్ కేంద్రం కాదు, యురేనియం ఖనిజాన్ని శుద్ధిచేసే కర్మాగారం. అయితే అణు పరిశ్రమ వ్యర్థజలం, సాగునీరు రాష్ట్రంలో ఎదురెదురుగా నిలిచిన ఉదాహరణ ఇదే. ఇక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో క్షార పద్ధతిలో యురేనియాన్ని రాబడతారు. వ్యర్థాల చెరువు నుండి ఊట దిగి బోరుబావులు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని పరిసర గ్రామాల రైతులు ఫిర్యాదు చేశారు. చెరువు అడుగు పొర విషయమై 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు జారీచేసింది. సంస్థ ఈ ఆరోపణలను అంగీకరించలేదు.

శాస్త్రపరంగా చిక్కు ఎక్కడుందో విద్యార్థులు గమనించాలి. ఖనిజం గల నేలలో భూగర్భ జలంలోకి యురేనియం సహజంగానే చేరవచ్చు. బైకార్బొనేట్ అధికంగా గల నీరు యురేనియాన్ని కరిగే రూపంలో నిలుపుతుంది. కనుక ఒక బోరులో యురేనియం కనిపించినంత మాత్రాన అది చెరువు నుండే వచ్చిందని గాని, రాలేదని గాని చెప్పజాలము. సోడియం, సల్ఫేట్, బైకార్బొనేట్‌లు కలసి ఏ క్రమంలో పెరిగాయో తెలియాలి. అందుకు కర్మాగారానికి ముందునాటి విలువ అదే బోరుకు ఉండాలి. అది లేని రైతు తన నష్టాన్ని నిరూపించుకోలేడు.

ట్రికాస్టిన్ ఉదంతం

ఫ్రాన్సులోని ట్రికాస్టిన్ అణు ప్రాంగణంలో 2008 జూలైలో వ్యర్థజల శుద్ధి కేంద్రపు తొట్టి పొంగి, 74 కిలోల యురేనియం గల ద్రవం పరిసరాలలోకి చేరింది. అధికారులు సమీప వాగుల నుండి సాగునీరు తోడడాన్ని, చేపలు పట్టడాన్ని నిషేధించారు. ఆ ప్రాంతపు ద్రాక్షసారా అమ్మకాలకు పేరే ఆటంకమైంది. చివరకు 2010లో తోటల యజమానులు తమ ఉత్పత్తి పేరును గ్రిన్యాన్-లే-అదెమార్‌గా మార్చుకొన్నారు. పంటలో దోషం లేకున్నా మార్కెట్ నష్టం కలుగగలదని ఇది తెలుపుతున్నది. రైతు చేతిలో పరీక్షా పత్రం ఉండటం ఇందుకు కూడా అవసరం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. ప్రతిపాదిత కేంద్రాల చుట్టూ ఉన్న బావులు, బోర్లు, గెడ్డల నీటిని నిర్మాణానికి ముందే వేసవిలోను, వర్షాల తరువాతను పరీక్షించి నమోదు చేయాలి. ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సోడియం, బైకార్బొనేట్, సల్ఫేట్, క్లోరైడ్, బోరాన్‌లను తప్పక చేర్చాలి.

2. బోరాన్ నమూనాను ప్లాస్టిక్ సీసాలోనే తీయాలి. ప్రయోగశాల గాజు నుండి బోరాన్ నీటిలోకి దిగవచ్చు. అమ్మోనియా నమూనాను చల్లగా ఉంచి వెంటనే పంపాలి. క్లోరిన్‌ను అక్కడికక్కడే పరీక్షించాలి.

3. లీకు అనుమానం కలిగినప్పుడు ఎగువన ఒకటి, దిగువన రెండు నమూనాలు తీసి, తేదీ, సమయం, స్థలం రాసి సీలు వేయాలి. ఫలితం వచ్చేవరకు ఆ నీటిని పైరుకు, పశువులకు వాడవద్దని తెలపాలి.

4. అవశేష సోడియం కార్బొనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు మించిన నీరు సాగుకు తగదు. సోడియమే సమస్యయని నిర్ధారణ అయిన పిదప, తగ్గించవలసిన ప్రతి మిల్లీ ఈక్వివలెంటుకు, ఎకరాకు 5 సెం.మీ. తడికి సుమారు 17 కిలోల శుద్ధ జిప్సం లెక్కన వాడవచ్చు. బోరాన్‌కు గాని, యురేనియంకు గాని జిప్సం పరిష్కారం కాదు.

5. యురేనియం అనుమానం ఉన్నచోట తాగునీటిని వేరుగా పరీక్షింపజేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. యురేనియం రసాయన ప్రభావం ముఖ్యంగా మూత్రపిండాలపై ఉంటుంది.

ముగింపు

కొవ్వాడ పరిసరాలలో ఆధార వివరాలు సేకరించడానికి నిర్మాణానికి ముందున్న కాలమే సరియైన అదను. కృషి విజ్ఞాన కేంద్రాలు, భూసార పరీక్షా కేంద్రాలు ఇందుకు పూనుకొని, ప్రతి బావి ఫలితాన్ని ఆ రైతుకే రాతపూర్వకంగా అందజేయాలి. అప్పుడు ఏనాడైనా నీరు మారితే, ఎంత మారిందో రైతు లెక్కతో చూపగలడు.