లోపల అమ్మమ్మ, పైన అక్క

అక్కలూ, చెల్లెళ్లూ, లండన్‌లో మా అమ్మాయి దగ్గర రెండు నెలలుండి మొన్ననే విజయవాడ వచ్చాను. తెచ్చిన చాక్లెట్లు వీధిలో అందరికీ పంచేశాను గానీ, ఒక్క ముచ్చట మాత్రం మీకోసం దాచి ఉంచాను. నా తొమ్మిదేళ్ల మనవరాలిని అబ్బా కచేరీకి తీసుకెళ్లాను!

ఇది దెబ్బ తగిలితే మనం అనే 'అబ్బా' కాదు. స్వీడన్ పాటల బృందం. ఆగ్నెతా, బ్యోర్న్, బెన్నీ, ఆన్నీఫ్రిద్ అనే నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. 1974 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పోటీలో 'వాటర్లూ' పాటతో గెలిచి లోకానికంతా తెలిశారు. నాకు తెలిసింది 1980లో, విశాఖపట్నం హాస్టల్లో. మా రూమ్మేట్ వాళ్లన్నయ్య ఓడలో పనిచేసేవాడు. ఆయన తెచ్చిచ్చిన ఒక్క క్యాసెట్టే మా వరండా మొత్తానికీ సంగీతం. టేపు చిక్కుపడితే పెన్సిలు దూర్చి మెల్లగా తిప్పేవాళ్లం. మంచాలు గోడకి జరిపి, తలుపు గడియ పెట్టి ఆడేవాళ్లం. మాటలు సగం అర్థమయ్యేవి కావు. అయినా కాళ్లు ఆగేవి కావు.

తర్వాత పెళ్లి, ఉద్యోగం, పిల్లలు. ఆ క్యాసెట్టు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ వద్దనలేదు, నేనే చెప్పలేదు. మనలో చాలామందిమి అంతే కదా? పెళ్లినాటి ఫోటోలు చూపిస్తాం గానీ పెళ్లికి ముందున్న మనల్ని చూపించం.

లండన్‌లో ఓ సాయంత్రం గిన్నెలు కడుగుతూ 'డాన్సింగ్ క్వీన్' కూనిరాగం తీశాను. మనవరాలు పుస్తకం వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, నీకిదెలా తెలుసు? ఇది మమ్మా మియా సినిమాలో పాట!" అంది. అది నా పాట అని చెబితే కళ్లింత చేసుకుని చూసింది. ఆ రాత్రే మా అమ్మాయితో చెప్పి అబ్బా కచేరీకి టిక్కెట్లు తీయించాను.

ఒలింపిక్ పార్క్ పక్కన ఈ ఒక్క ప్రదర్శన కోసమే కట్టిన అరీనా అది. 2022 మే నుంచి నడుస్తోంది. పుడ్డింగ్ మిల్ లేన్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే ఉంటుంది. ఆ రైలుకి ముందు డ్రైవర్ గది ఉండదు. మా చిట్టితల్లి మొదటి సీటులో కూర్చుని పట్టాలు చూస్తుంటే, నేను దానికి ఫ్రిదా కథ చెప్పాను. ఆన్నీఫ్రిద్‌ని అందరూ ఫ్రిదా అనే పిలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లోనే నార్వేలో పుట్టింది. తల్లి నార్వే అమ్మాయి, తండ్రి జర్మన్ సైనికుడు. అలాంటి పిల్లల్ని అక్కడివాళ్లు చిన్నచూపు చూసే రోజులవి. అమ్మమ్మ ఆ పసిదాన్ని తీసుకుని స్వీడన్ వచ్చేసింది. ఫ్రిదాకి రెండేళ్లు నిండకముందే తల్లి పోయింది. అమ్మమ్మే కుట్టుపని చేసి పెంచింది. "అంటే వాళ్ల అమ్మమ్మ లేకపోతే పాటలు లేవా?" అని అడిగింది మనవరాలు. లేవమ్మా అన్నాను.

లోపల మూడు వేల మంది పడతారు. కింద నిలబడి ఆడేవాళ్లు, చుట్టూ కూర్చునేవాళ్లు. నా మోకాళ్ల కోసం కుర్చీలే తీసుకున్నాం. దీపాలు ఆరాయి, నలుగురూ వేదిక మీదకొచ్చారు. వయసు ముప్పై దాటనట్టున్నారు! ఇప్పుడు డెబ్భై దాటినవాళ్లు ఆనాటి రూపంలో ఆడుతున్నారు. పక్కన వాయించే పదిమంది వాద్యకారులు మాత్రం నిజంగా అక్కడున్నవాళ్లే.

'చికితీతా' పాట మొదలైనప్పుడు మనవరాలి చెవిలో చెప్పాను, స్పానిష్‌లో ఆ మాటకి చిట్టితల్లి అని అర్థమని. 1979 అంతర్జాతీయ బాలల సంవత్సరం. ఆ జనవరిలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సభామందిరంలో ఆ పాట పాడి, దాని రాబడిలో వాటా పిల్లల కోసం యునిసెఫ్‌కి ఇచ్చారు. "నన్నే పిలుస్తున్నారన్నమాట" అని నా చెయ్యి పట్టుకుంది. 'డాన్సింగ్ క్వీన్' వచ్చేసరికి ఇద్దరం కుర్చీల్లో లేం. పక్క వరుసలో వెండిజుట్టు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక చుట్టు తిప్పింది. ఆవిడెవరో నాకు తెలియదు, నేనెవరో ఆవిడకి తెలియదు. ఇద్దరికీ ఆ పాట తెలుసు, చాలు.

తిరుగు రైల్లో మనవరాలు అడిగింది, "వాళ్లు నిజమా, బొమ్మలా?" అని. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆ నలుగురూ డెబ్భై ఏళ్లకి అటూ ఇటూగా ఉన్న వయసులో, ఒంటికి అంటుకుపోయే ప్రత్యేక దుస్తులు తొడుక్కుని, స్టాక్‌హోమ్‌లో ఐదు వారాలపాటు 160 కెమెరాల ముందు పాడి ఆడారు. ఆ కదలికల మీద కంప్యూటర్లతో పడుచు రూపాలు దిద్దారు. కాస్త ఆలోచించి, "అయితే లోపల అమ్మమ్మ, పైన అక్క" అంది. ఒక్క నిమిషం ఆగి నా ముఖం తేరిపార చూసి, "నువ్వు మాత్రం పైన అమ్మమ్మ, లోపల అక్క" అంది.

నాకు కళ్లు నిండాయి. మనవలకి గోరుముద్దలు పెడతాం, రామాయణం చెబుతాం, దిష్టి తీస్తాం. అవన్నీ ఇవ్వవలసినవే. కానీ మనకీ ఒకప్పుడు పంతొమ్మిదేళ్లుండేవని, అప్పుడు మనం గడియ పెట్టుకుని ఆడామని కూడా వాళ్లకి తెలియాలి. రేపు వాళ్లకి ఆ వయసు వచ్చినప్పుడు, మనసులో మాట చెప్పుకోవడానికి మన దగ్గరికే వస్తారు.

మీ పాట ఘంటసాలదో, సుశీలమ్మదో, ఇళయరాజాదో కావచ్చు. ఆ పాటల కచేరీ దగ్గర్లో జరిగితే మనవల చెయ్యి పట్టుకుని వెళ్లండి. ముందుగా పాటలు ఇంట్లో వినిపించండి, తెలిసిన పాటైతే పిల్లలు విసుగు పడరు. చిన్నవాళ్ల చెవులకి శబ్దం తగ్గించే ఇయర్ మఫ్‌లు పెట్టండి, స్పీకర్లకి దూరంగా సీట్లు తీసుకోండి. లైట్లు జిగేల్‌మంటూ ఆరి వెలిగేచోట మూర్ఛ ఉన్న పిల్లలుంటే డాక్టర్నడిగే వెళ్లండి. పెందలాడే అన్నం పెట్టి బయల్దేరండి.

నిన్న వీడియో కాల్లో మనవరాలు నిద్రకళ్లతో అడిగింది, "అమ్మమ్మా, ఆ పెన్సిలు కథ మళ్లీ చెప్పవూ?" అని. మంచాలు గోడకి జరిపిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను.