సైకిలు వచ్చింది సరే, రోడ్డు వచ్చిందా?



సైకిలు తొక్కడం వారం పది రోజుల్లో వచ్చేస్తుంది. రోడ్డు మీద నడపడం వేరే విద్య. దాన్ని నేర్పేవాళ్లు మన ఇళ్లలో తక్కువ. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా నాన్నకు సైకిలంటే కూలి పనికి వెళ్లే బండి, అంతే. కాబట్టి ఈ పాఠం మనలో మనమే చెప్పుకోవాలి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు సుమారు 460 మంది. మనలాంటి ఇళ్లలో ప్రాణం పోకపోయినా, ఒక్క కాలు విరిగితే చాలు, ఒక చదువు ఆగిపోతుంది.

నెదర్లాండ్స్ దేశంలో 1971లో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. అప్పుడు తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమించారు. తర్వాతి సంవత్సరాల్లో అక్కడ సైకిళ్లకు వేరే దారులు పెరిగాయి. ఆ దేశంలో ప్రాథమిక బడి చివరి తరగతుల పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష ఉంటుంది. ముందు రాత పరీక్ష, తర్వాత నిజమైన రోడ్డు మీద సైకిలు పరీక్ష. మూలమూలనా పెద్దవాళ్లు నిలబడి గమనిస్తారు.

మన పక్కనే తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది మంది పల్లె మహిళలకు సైకిలు నేర్పారు. పలకతో పాటు పెడల్ కూడా నేర్పవచ్చని వాళ్లు చూపించారు. మనమూ చేయవచ్చు. ఐదు ఆదివారాలు చాలు.

మొదటి ఆదివారం: బండి. ఎక్కే ముందు గాలి, బ్రేకులు, చైను, బెల్లు చూసుకోవాలి. బ్రేకులు రెండూ కలిపి పట్టాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే మనిషి ముందుకు బోర్లా పడతాడు. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, కాబట్టి ముందే నెమ్మదించాలి.

రెండో ఆదివారం: ఎడమ, కుడి. సైకిలు ఎప్పుడూ రోడ్డుకు ఎడమ అంచున, వాహనాలు వెళ్లే దిక్కునే వెళ్లాలి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు మాత్రం కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ నడవాలి. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు. కుడికి తిరగాలంటే చిన్నవాళ్లు సైకిలు దిగి, రెండువైపులా చూసి, నడిపించుకుంటూ దాటాలి.

మూడో ఆదివారం: లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. డ్రైవరు మనల్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పట్టిందనుకోండి. ఆ లోపే బండి 17 మీటర్లు వచ్చేసింది. బ్రేకు వేశాక ఆగడానికి ఇంకా దూరం కావాలి. వేగం రెట్టింపు అయితే గతిశక్తి నాలుగింతలవుతుందని సైన్సులో చదివాం కదా. బ్రేకు వేశాక ఆగే దూరమూ అంతే పెరుగుతుంది. "లారీ దూరంగానే ఉందిలే" అనుకునే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

నాలుగో ఆదివారం: పెద్ద బండ్లు. లారీ, బస్సు ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ పక్కన ఆనుకుని ఉన్న సైకిలు అతనికి కనబడకపోవచ్చు. అందుకే ఆ సందులోకి దూరకూడదు, వెనకే ఆగాలి.

ఐదో ఆదివారం: చీకటి, ఆపద. రాత్రి తెల్లచొక్కా వేసుకోవాలి, వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ప్రమాదం జరిగితే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. కేసుల భయం అక్కర్లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది.

ఈ పాఠాలకు డబ్బు అక్కర్లేదు. హాస్టల్ ఆవరణలో ముగ్గుపిండితో రోడ్డు, నాలుగు రోడ్ల కూడలి గీయండి. ఒకరు లారీ, ఒకరు బస్సు, ఒకరు పోలీసు. చిన్నవాళ్లు నవ్వుతూనే నేర్చుకుంటారు. చివరికి ఒక ఉదయం బడి దారిలోనే పరీక్ష పెట్టండి. ప్రతి మలుపులో ఒక పెద్ద విద్యార్థి నిలబడాలి. తప్పినవాణ్ణి ఎగతాళి చేయకుండా మళ్లీ నేర్పాలి.

ఇంకొక్క మాట. జాగ్రత్త అంతా పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. బడి ముందు స్పీడ్ బ్రేకరు, హెచ్చరిక బోర్డు, వీధి దీపం కావాలని వార్డెన్ గారి ద్వారా అర్జీ పెట్టండి. అధికారికి లేఖ రాయడం మన తెలుగు పరీక్షలో వచ్చే ప్రశ్నే. ఈసారి నిజంగానే రాద్దాం.

అన్నలకు నా మనవి: మీరు వచ్చినప్పుడు మిఠాయిలతో పాటు పది రిఫ్లెక్టర్లు కూడా తీసుకురండి. తమ్ముళ్లకు నా మనవి: మీకు తెలిసింది మీ తర్వాత చేరినవాడికి నేర్పండి. ప్రతి సాయంత్రం హాజరు పిలిచేటప్పుడు అందరి పేర్లకూ జవాబు రావాలి.