విరాళానికి లెక్క రాసే కొలువు

అనంతపురం జిల్లా యాడికి మండలంలో డిగ్రీ పూర్తయిన పిల్లల్ని ఏం చేస్తావని అడిగితే గ్రూప్స్, బ్యాంకు, డీఎస్సీ అంటారు. లేదంటే బెంగళూరు బస్సెక్కుతారు. జిల్లా దాటకుండానే దొరికే ఒక కొలువు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. విదేశీ విరాళాలతో నడిచే సేవాసంస్థల్లో గ్రాంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం అది.

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే ఈ నేలకు ఆ విరాళాలు కొత్తేమీ కాదు. 1969లో అనంతపురం వచ్చిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) అనే సేవాసంస్థను నిలబెట్టారు. స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు పంపే డబ్బు పల్లెల్లో ఇళ్లయింది, బడులయింది, బత్తలపల్లిలో ఆసుపత్రి అయింది. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది.

ఒక ఊళ్లో కుంట తవ్వడానికి గ్రాంటు వచ్చిందనుకుందాం. ఏ పద్దు కింద ఎంత, ఏ తేదీలోగా ఖర్చు పెట్టాలో ఒప్పందంలో ఉంటుంది. ఖర్చుకు ముందే ఆ పద్దు చూడడం, కొటేషన్లు తెప్పించడం, కూలీల మస్టరును బిల్లులతో సరిపోల్చడం, మూడు నెలలకోసారి బడ్జెట్‌ను, ఖర్చును పక్కపక్కన పెట్టి నివేదిక పంపడం ఈ ఉద్యోగి పని. యూరోల్లో వచ్చింది రూపాయల్లో ఖర్చవుతుంది కాబట్టి మారకపు రేటు తేడా కూడా చూపాలి.

"ఈ మూడు నెలల్లో ఖర్చు ఎందుకు తగ్గింది?" అని బార్సిలోనా నుంచి ఈమెయిల్ వస్తుంది. వేరుశనగ పీకే రోజుల్లో కుంట పనికి కూలీలు రారని మీకు తెలుసు. నగరంలో ఎంబీఏ చదివిన వాళ్లు ఈ సంగతి ఎవరినో అడిగి తెలుసుకోవాలి. కరువు పల్లెలో పెరగడం ఈ కొలువులో నిజమైన అర్హతని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కారణాన్ని నాలుగు తేలిక ఇంగ్లిష్ వాక్యాల్లో రాయగలిగితే చాలు. ఇంగ్లిష్ అంటే భయపడి వెనక్కి తగ్గకండి.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) మాత్రం క్షుణ్ణంగా తెలియాలి. 2010 నాటి ఈ చట్టానికి 2020లో పెద్ద సవరణలు వచ్చాయి. విదేశీ విరాళం మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఎఫ్‌సీ-4 రిటర్ను ఏటా డిసెంబరు 31లోగా వేయాలి. రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆర్డీటీ రెన్యువల్ కోసం 2025లో జిల్లా జనం రోడ్లెక్కారు. ఒక్క అనుమతి మీద ఎన్ని పల్లెల బతుకు ఆధారపడి ఉందో మనవాళ్లంతా అప్పుడు చూశారు.

చదువుకొస్తే బీకాం చాలు. టాలీ, ఎక్సెల్ చేతిలో ఉండాలి. కయా, డిజాస్టర్‌రెడీ వెబ్‌సైట్లలో ఉచిత కోర్సులున్నాయి. అనంతపురంలో ఆర్డీటీ నడిపే విదేశీ భాషల శిక్షణ సంస్థలో స్పానిష్ కూడా నేర్పుతారు. ఉద్యోగ ప్రకటనల కోసం డెవ్‌నెట్‌జాబ్స్ ఇండియా, రిలీఫ్‌వెబ్ చూస్తూ ఉండండి.

చాలా పోస్టులు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటాయి. 2025లో అమెరికా తన యూఎస్ఎయిడ్‌ను మూసేస్తే ప్రపంచమంతటా ఎందరికో కొలువులు పోయాయి. అయితే ఈ పనితనం ఒక్క విదేశీ నిధులకే పనికొచ్చేది కాదు. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఆ సీఎస్ఆర్ నిధులకూ ఇవే లెక్కలు, ఇవే నివేదికలు కావాలి.

అనుభవం లేదని ఆగిపోవద్దు. మీ ఊరి పొదుపు సంఘం పుస్తకాలు ఒక ఏడాది పాటు మీరే రాయండి. జమాఖర్చులను ఎక్సెల్‌లోకి ఎక్కించి, ఏడాది చివర ఒక పేజీ నివేదిక ఇంగ్లిష్‌లో తయారుచేసి, సంఘం సభ్యుల అనుమతితో దాన్ని దరఖాస్తుకు జతచేయండి.