మిరియాల నీరు – ఎనిమిదిమంది సాక్షులు

హాలెండు దేశములోని డెల్ఫ్ట్ పట్టణమున లేవెన్‌హూక్ అను బట్టల వర్తకుడుండెను. ఆయన పెద్ద చదువులు చదువలేదు, లాటిను భాష రాదు. అయినను మిక్కిలి చిన్న గాజుబిళ్లలను తన చేతులతోనే సానపట్టి, లోహపు రేకుల నడుమ బిగించి, వాటిగుండ చూచుచుండెను.

మిరియము నాలుకను ఎందుకు మండించునో తెలిసికొనగోరి, 1676లో ఆయన మిరియాలను నీటిలో నానవేసి చూచెను. మంటకు కారణము దొరకలేదు గాని, ఆ నీటిబొట్టులో లెక్కలేనన్ని జీవులు ఈదుచుండెను! ఈ సంగతి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాయగా అక్కడి పండితులు వెంటనే నమ్మలేకపోయిరి.

ధర్మశాస్త్రము ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరును. ఈయన 1677లో ఎనిమిదిమంది సాక్ష్యపత్రములను పంపెను. వారిలో లూథరన్ సంఘ కాపరులును ఉండిరి. వరిగగింజంత నీటిలో 10,000 జీవులని కొందరు, 30,000 అని కొందరు, 45,000 అని మరికొందరు చెప్పిరి. లెక్కలు కలియకపోవుటయే మాకు నమ్మిక కలిగించుచున్నది. ఒకరిని చూచి యొకరు వ్రాసినవి కావు గదా. ఆ యేడే లండనులో రాబర్టు హుక్ సొసైటీ సభ్యులకు ఆ జీవులను చూపెను. 1680లో ఆ వర్తకుని సభ్యునిగా ఎన్నుకొనిరి. తన శ్రేష్ఠమైన పద్ధతిని మాత్రము ఆయన ఎవరికిని తెలుపలేదు. అది మాకు నచ్చలేదు.

అట్టి సూక్ష్మజీవులలో కొన్ని రోగము కలిగించునని రుజువగుటకు మరి రెండువందల యేండ్లు పట్టెను. 1884లో రాబర్టు కోక్ అను జర్మను వైద్యుడు, ప్రజలు త్రాగుచు స్నానము చేయుచు నుండిన కలకత్తా చెరువు నీటిలో కలరా క్రిమిని కనుగొనెను.