మాయాబజారులో సృజన హక్కులు

పాఠ్యభాగ ఉద్దేశం

తాను సృజించినదాన్ని పదిమందికీ పంచడం ఉదారగుణం. సృజించినవారి శ్రమకు ఫలం దక్కడం న్యాయం. ఈ రెండింటికీ పొత్తు కుదరదని పైకి అనిపిస్తుంది. కంప్యూటర్ తెరపై వెలసిన ఒక కాల్పనిక ప్రపంచపు అనుభవం ఆధారంగా, ఆ అభిప్రాయంలోని నిజానిజాలను విద్యార్థుల చేత ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కుండెడు అన్నాన్ని ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి సగమే దక్కుతుంది. ఒక పాటను ఇద్దరు నేర్చుకుంటే మాత్రం ఇద్దరికీ పాట మొత్తం దక్కుతుంది. నేర్పినవారి వద్ద కూడా అది తరగకుండా నిలిచి ఉంటుంది. ఒక దీపంతో మరొక దీపాన్ని వెలిగించినప్పుడు మొదటి దీపపు కాంతి తగ్గదు. అందుకే విద్యను ఇచ్చినకొద్దీ పెరిగే ధనమని పెద్దలు అన్నారు. అయితే పాట పాడినవారికి కూడా ఆకలి ఉంటుంది. పాటకు లేని తరుగుదల పాటగాని ఆయుర్దాయానికి ఉంది. కళాసంపదకు సంబంధించిన వివాదాలన్నింటికీ మూలం ఈ వ్యత్యాసమే.

ప్రాచీనాంధ్ర దేశంలో గ్రంథానికి హక్కుదారు అనే భావన నేటి అర్థంలో లేదు. కవి తన కావ్యాన్ని రాజుకో, దైవానికో అంకితమిచ్చేవాడు. కృతిభర్త ఇచ్చే సత్కారమే చాలామంది కవులకు జీవనాధారం. ఆ తరువాత ఆ కావ్యాన్ని ఎవరైనా తాటాకులపై వ్రాసుకోవచ్చు. తాళపత్రాలు చెదలు పట్టి, చివికి నశించే స్వభావం కలవి. ఒక తరంవారు ప్రతి వ్రాయకపోతే మరుసటి తరానికి గ్రంథమే మిగలదు. కనుక ఆనాడు ప్రతి తీయడం చౌర్యం కాదు, సేవ. వేమన పద్యాలు జనుల నాలుకలపైనా, వ్రాతప్రతులలోనూ నిలిచి ఉండబట్టే సి.పి.బ్రౌన్ వాటిని సేకరించి 1829లో ఆంగ్లానువాదంతో ప్రకటించగలిగాడు.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ప్రతులు తీయడం సేవగా కాక వ్యాపారంగా పరిణమించింది. రచయిత ఒకడు, లాభం పొందే ముద్రాపకుడు మరొకడు అయినారు. 1710లో ఇంగ్లండులో చేసిన చట్టం మొదటిసారిగా రచయితకు తన గ్రంథంపై హక్కును గుర్తించింది. ఆ హక్కు పద్నాలుగు సంవత్సరాలు ఉంటుంది; రచయిత అప్పటికి జీవించి ఉంటే మరొక పద్నాలుగు సంవత్సరాలు లభిస్తుంది. అటుపిమ్మట గ్రంథం ప్రజల సొత్తు. మన దేశంలో ప్రస్తుతం అమలులో ఉన్న కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం నేడు సాహిత్య రచనపై హక్కు రచయిత జీవితకాలమూ, మరణానంతరం అరవై సంవత్సరాలూ ఉంటుంది. సృజనకారునికి కొంతకాలం ప్రతిఫలం, ఆపైన సమాజానికి శాశ్వతంగా సంపద - ఇదే ఇటువంటి చట్టాల వెనుక ఉన్న ఒప్పందం.

ఆ 1957వ సంవత్సరంలోనే ‘మాయాబజార్’ చలనచిత్రం విడుదలైంది. ఘటోత్కచుని పరివారం క్షణాలలో మేడలు, అంగళ్లు, ఆభరణాలు సృష్టించిన ఆ దృశ్యాలు తెలుగువారికి చిరపరిచితాలు. సుమారు అర్ధశతాబ్దం తరువాత అటువంటి మాయానగరం ఒకటి నిజంగానే కంప్యూటర్ తెరపై వెలసింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి చెందిన లిండెన్ ల్యాబ్ సంస్థ 2003 జూన్‌లో ‘సెకండ్ లైఫ్’ అనే కాల్పనిక ప్రపంచాన్ని ప్రారంభించింది. సంస్థను స్థాపించినవాడు ఫిలిప్ రోజ్‌డేల్. ఇందులో ప్రవేశించే ప్రతి వ్యక్తీ ఒక రూపాన్ని ధరిస్తాడు. ఆ రూపానికి పెట్టిన పేరు ‘అవతార్’; మన ‘అవతారం’ అనే మాటే అది. సంస్థ ఇచ్చింది నేల, నీరు, ఆకాశం మాత్రమే. ఇళ్లు, తోటలు, దుస్తులు, వాహనాలు, చివరకు నడకతీరు వరకు అన్నీ నివాసులే తయారు చేసుకోవాలి.

మరి వారు తయారు చేసినది ఎవరి సొత్తు? అంతకుముందు ఇటువంటి ఆటలను నడిపిన సంస్థలు చాలావరకు, ఆటలో జరిగిన సృష్టి అంతా తమదేనని నిబంధనలలో వ్రాసుకొనేవి. లిండెన్ ల్యాబ్ 2003 నవంబరులో భిన్నమైన నిర్ణయం ప్రకటించింది. నివాసులు సృష్టించిన వస్తువులపై మేధోహక్కులు నివాసులవేనని అంగీకరించింది. దీని ఫలితం ఆశ్చర్యకరమైనది. ఆ లోకంలో చెలామణి అయ్యే లిండెన్ డాలర్లను నిజమైన డాలర్లుగా మార్చుకునే అవకాశం ఉంది. ఆ సంవత్సరాలలో ఒక అమెరికన్ డాలరుకు సుమారు 250 నుంచి 300 లిండెన్ డాలర్లు వచ్చేవి. ఇంటి పట్టున ఉండి తెరపై చొక్కాలు, కురులు, కుర్చీలు రూపొందించినవారు కొందరు దానితోనే జీవనం సాగించసాగారు.

అమ్మకంతోపాటు దానం కూడా ఆ లోకంలో మొదటినుంచీ ఉంది. ప్రతి వస్తువుకూ మూడు అనుమతులు ఉంటాయి. ఒకటి - ప్రతి తీసుకోవచ్చునా? రెండు - మార్పులు చేయవచ్చునా? మూడు - మరొకరికి ఇవ్వవచ్చునా? సృష్టికర్త వీటిలో దేనినైనా ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు. మూడింటినీ ఇచ్చివేసినవారు అనేకులు. కొత్తగా వచ్చినవాని చేతిలో పైకం ఉండదు. ఒంటిమీద అందరికీ ఇచ్చే సాధారణమైన దుస్తులే ఉంటాయి. అటువంటివారి కోసం ఉచిత వస్తువుల అంగళ్లు వెలిశాయి. అనుభవజ్ఞులు కూలి ఆశించకుండా పాఠాలు చెప్పేవారు. ఒకరు ఇచ్చిన తలుపును విప్పి చూసి, అది ఏ విధంగా తెరుచుకుంటుందో గ్రహించి, మరొకరు ఇంటిని కట్టేవారు.

మండువేసవిలో మన ఊళ్లలో చలివేంద్రాలు పెడతారు. దారిన పోయేవారు ఎవరైనా దాహం తీర్చుకోవచ్చు. ఒకడు ఆ కుండల్లోని నీటిని బిందెలలో నింపుకొని, వీధి చివర గ్లాసుకు ఇంత అని అమ్మితే ఏమనాలి? సెకండ్ లైఫ్‌లో జరిగినది అదే. ఉచితంగా ఇచ్చిన వస్తువులను కొందరు మూటకట్టి, కొత్తవారికి ధర పెట్టి అమ్మారు. ‘మూడు అనుమతులూ ఇచ్చారు కదా, మేము చేసినది తప్పెట్లా అవుతుంది?’ అని వారి వాదం. చలివేంద్రంలో నీరు తరగవచ్చు. ఇక్కడ వస్తువు తరగలేదన్నది నిజమే. కానీ ఉచితంగా దొరుకుతుందని తెలియని నూతన నివాసి మోసపోయాడు. ఇచ్చినవాని మనసు విరిగింది. అటువంటి అనుభవం పొందిన దాత తరువాత తన వస్తువులకు తాళం వేయడంలో వింత లేదు. ఒకని దురాశ పదిమందికి అందవలసిన దానాన్ని ఆపివేస్తుంది. అపహరించిన వస్తువు కన్నా ఆగిపోయిన ఆ దానమే అసలైన నష్టం.

2006 నవంబరులో ఇంతకంటె పెద్ద కలవరం చెలరేగింది. ఆ లోకం పనిచేసే తీరును అధ్యయనం చేసే ఒక స్వచ్ఛంద బృందం తన ప్రోగ్రాములను అందరికీ ఉచితంగా అందిస్తూ ఉండేది. ఆ కృషి నుంచి ‘కాపీబాట్’ అనే పరికరం పుట్టింది. అది ఎదుట కనిపించే వస్తువు ఆకృతిని, పైపూతను యథాతథంగా నకలు చేయగలదు. యజమాని అనుమతితో దానికి పనిలేదు. వస్తువు తెరపై కనిపించాలంటే దాని వివరాలు చూసేవారి కంప్యూటర్‌కు చేరక తప్పదు. చేరినదాన్ని నకలు చేయకుండా ఆపడం కష్టం. అధ్యయనానికి ఉద్దేశించిన ఆ పరికరాన్నే కొందరు అంగడిలో అమ్మకానికి పెట్టారు. ఆగ్రహించిన వ్యాపారులు ఎందరో నిరసనగా తమ దుకాణాలు మూసివేశారు. అనుమతి లేకుండా ఇతరుల వస్తువులను ఆ పరికరంతో నకలు చేయడం నిబంధనలకు విరుద్ధమని సంస్థ ప్రకటించవలసి వచ్చింది. ఆ లోకపు వస్తువుల నకళ్లకు సంబంధించిన దావా ఒకటి 2007లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఫెడరల్ న్యాయస్థానం వరకు వెళ్లింది. తెరపై వస్తువు మాయదే కావచ్చు. దానిని మలచిన చేతుల శ్రమ మాయ కాదు.

ఈ సంఘటనలను చూసి, ఉచితంగా పంచుకోవడమే దోషమని భావించడం పొరపాటు. ఆ కలవరం రేగిన రెండు నెలలకే, 2007 జనవరిలో, లిండెన్ ల్యాబ్ తన లోకాన్ని చూడడానికి ఉపయోగించే ప్రోగ్రాం మూలరూపాన్ని అందరికీ విడుదల చేసింది. ఎవరైనా దానిని చదవవచ్చు, సవరించవచ్చు, పంచవచ్చు. అయితే దానికొక షరతు ఉంది. సవరించిన ప్రోగ్రామును ఇతరులకు అందించేవారు, తాము పొందిన స్వేచ్ఛనే వారికీ ఇవ్వాలి. ఈ షరతును రూపొందించినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. ప్రోగ్రాములు అందరికీ అందుబాటులో ఉండాలన్న లక్ష్యంతో 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించిన ఆయన, 1989లో జీపీఎల్ అనే అనుమతి పత్రాన్ని వెలువరించాడు. అందులోని ఆలోచన గమనింపదగినది. ఆయన కాపీరైటును వదులుకోలేదు. ఆ హక్కునే ఆధారం చేసుకొని, తానిచ్చినదానికి ఎవరూ కంచె వేయకుండా కట్టడి చేశాడు. ధర పెట్టి అమ్ముకోవడానికి కూడా ఆ పత్రం అడ్డు చెప్పదు. కొన్నవాని స్వేచ్ఛను హరించడానికి మాత్రం ఒప్పుకోదు.

ఇదే మార్గంలో న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెస్సిగ్ తదితరులు 2001లో ‘క్రియేటివ్ కామన్స్’ సంస్థను స్థాపించారు. 2002 డిసెంబరులో వెలువడిన ఆ సంస్థ అనుమతి పత్రాల ద్వారా రచయిత, చిత్రకారుడు, గాయకుడు తన మనసులోని మాటను స్పష్టంగా చెప్పవచ్చు. ‘నా పేరు చెప్పి వాడుకోండి’ అని ఒకరు, ‘వ్యాపారానికి వద్దు’ అని మరొకరు, ‘మార్చి వాడితే మీరూ ఇలాగే పంచండి’ అని ఇంకొకరు షరతు పెట్టవచ్చు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ఇటువంటి అనుమతి మీదనే నడుస్తున్నది. అందులో వ్యాసాలు వ్రాసేవారు పారితోషికం ఆశించరు. వాటిని వాడుకునేవారు మూలాన్ని పేర్కొనాలి; మార్చి ప్రకటిస్తే అదే స్వేచ్ఛను ఇతరులకూ ఇవ్వాలి.

దురాశ నకలు చేసేవారిలోనే ఉంటుందనుకోవడం కూడా సరికాదు. హక్కు కలవారిలోనూ అది ఉండవచ్చు. పద్నాలుగు సంవత్సరాలతో మొదలైన హక్కు, అమెరికాలో 1998 చట్టంతో రచయిత మరణానంతరం డెబ్బై సంవత్సరాల వరకు పెరిగింది. ఎన్నడో గతించిన రచయితను ఆ పొడిగింపు కొత్త రచనకు పురికొల్పలేదు. ప్రజలకు చేరవలసిన సంపదను మాత్రం ఆలస్యం చేసింది. కాల్పనిక లోకాలలో మరొక ప్రమాదం ఉంది. గూగుల్ సంస్థ 2008 జూలైలో ప్రారంభించిన ‘లైవ్‌లీ’ అనే లోకం అదే సంవత్సరం డిసెంబరు 31న మూతపడింది. అందులో జనులు అలంకరించుకున్న గదులు దానితోపాటే కనుమరుగైనాయి. ప్రతులు తీసిన తాళపత్ర గ్రంథం కాలానికి ఎదురు నిలిచింది. ప్రతి తీసే వీలులేని వస్తువు తన లోకంతోపాటు అంతరించింది.

ఈ వివాదం ముగియలేదు. 2021లో డిజిటల్ చిత్రాలను ఎన్.ఎఫ్.టీ.లుగా అమ్మే వ్యాపారం ఉధృతమైనప్పుడు, తమ చిత్రాలు తమకు తెలియకుండానే అమ్మకానికి వచ్చాయని చిత్రకారులు వాపోయారు. ఆ వ్యాపారంలో పేరొందిన ఓపెన్‌సీ సంస్థ 2022 జనవరిలో ఒక విషయం వెల్లడించింది. తన ఉచిత సాధనంతో తయారైన వస్తువులలో ఎనభై శాతానికి పైగా ఇతరుల కృతుల అపహరణలు, నకిలీలు లేదా పనికిమాలినవేనని తెలిపింది.

దీనినిబట్టి ఒక సత్యం బోధపడుతుంది. హక్కుకూ దానానికీ వైరం లేదు. తనది కానిదాన్ని ఎవరూ దానం చేయలేరు. కనుక హక్కు ఉన్నప్పుడే దానానికి అర్థం. ఈ రెండింటికీ ఉమ్మడి శత్రువు దురాశ. అది ఒకచోట ఇతరుల శ్రమను దొంగిలిస్తుంది. మరొకచోట అందరి సంపదకు కంచె వేస్తుంది. ఒక చిత్రాన్నో, పాటనో, ప్రోగ్రామునో తీసుకునే ప్రతి విద్యార్థీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎవరి శ్రమ? వారు ఏ మేరకు అనుమతించారు? నేను తీసుకున్న తరువాత నా వెనుక వచ్చేవారికి ఇది ఇలాగే అందుతుందా? చలివేంద్రం దగ్గర దాహం తీరినవాడు నీటికి వెల చెల్లించనక్కరలేదు. పెట్టినవారి పేరు తలచుకొని, గ్లాసును కడిగి, కుండపై మూతపెట్టి వెళితే చాలు.

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. సెకండ్ లైఫ్‌లో నివాసుల హక్కులు, దానగుణం, దురాశ ఏ విధంగా ఎదురుపడ్డాయో వివరించండి.
2. ‘హక్కుకూ దానానికీ వైరం లేదు’ - ఈ అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. తాళపత్రాల కాలంలో ప్రతి తీయడం సేవ అని ఎందుకు భావించవచ్చు?
2. కాపీబాట్ వల్ల ఏర్పడిన కలవరాన్ని తెలపండి.
3. జీపీఎల్ అనుమతి పత్రంలోని ప్రత్యేకత ఏమిటి?
4. చలివేంద్రం ఉపమానం ద్వారా పాఠం చెప్పదలచినది ఏమిటి?