డిస్క్‌లో ఫైల్ పేరు కనిపిస్తోంది, కానీ కాపీ అవట్లేదు.. ఎందుకు?

గత నెల మా అక్క తన పెళ్లి డీవీడీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అప్పగింతలప్పుడు నాన్న మాట్లాడింది ఇందులోనే ఉందిరా, ఎలాగైనా ఫోన్‌లోకి ఎక్కించు" అంది. నాన్న ఇప్పుడు లేరు. వేరే కాపీ కూడా లేదు.

ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి చూశా. నాలుగు పెద్ద వీడియో ఫైల్స్ కనిపించాయి. మూడు కాపీ అయ్యాయి. నాలుగోది మధ్యలో ఆగిపోయి 'సైక్లిక్ రిడండన్సీ చెక్' అని ఎర్రర్ వచ్చింది. పేరు కనిపిస్తున్న ఫైల్ ఎందుకు రాదు? డిస్క్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇది ఈజీగా అర్థమవుతుంది.

డేటా ఎక్కడ ఉంటుంది?

డిస్క్ మీద డేటా మధ్య నుంచి మొదలై, చుట్టలు చుట్టలుగా బయటి అంచు వైపు సాగుతుంది. షాపులో కొనే సినిమా డీవీడీలో ఆ దారి పొడవునా అతి చిన్న గుంటలు ఉంటాయి. మనం రైట్ చేసుకునే డీవీడీలో వాటి బదులు ఒక రంగు పొర ఉంటుంది. రైటర్‌లోని లేజర్ ఆ పొర మీద గుర్తులు వేస్తుంది. చదివేటప్పుడు తక్కువ పవర్‌తో లేజర్ పడుతుంది. గుంట అంటే 1, ఖాళీ అంటే 0 అని చాలామంది అనుకుంటారు. నిజానికి తిరిగొచ్చే వెలుగు మారిన చోట 1, మారకుండా సాగినంతసేపు 0లు.

సీడీకి 780, డీవీడీకి 650, బ్లూ-రేకి 405 నానోమీటర్ల లేజర్ వాడతారు. ఈ నంబర్ తగ్గేకొద్దీ గుర్తులు ఇంకా చిన్నగా, దగ్గరగా వేయొచ్చు. అందుకే ఒకే సైజు డిస్క్‌లో 700 ఎంబీ, 4.7 జీబీ, 25 జీబీ పడుతున్నాయి.

కంప్యూటర్ ఎలా వెతుకుతుంది?

డేటా అంతా 2048 బైట్ల సెక్టార్లుగా ఉంటుంది. ప్రతి సెక్టార్‌కీ ఒక నంబర్. డిస్క్ పెట్టగానే కంప్యూటర్ ముందుగా లోపలి వైపున్న ఫైల్ సిస్టమ్‌ను చదువుతుంది. ఇది పుస్తకంలో విషయసూచిక లాంటిది. ఏ ఫైల్ ఏ సెక్టార్‌లో మొదలవుతుంది, సైజు ఎంత అన్నది అందులో ఉంటుంది. మనకు కనిపించే లిస్ట్ అదే. అంటే పేరు కనిపిస్తే సూచిక బాగుందని మాత్రమే అర్థం, పేజీలన్నీ బాగున్నాయని కాదు.

మా డిస్క్‌లో చివరి ఫైల్ బయటి అంచు దగ్గర ఉంది, అంటే వేళ్లతో పట్టుకునే చోట. చిన్న గీతలైతే ఎర్రర్ కరెక్షన్ సరిచేస్తుంది. హద్దు దాటితే దానివల్లా కాదు.

నేనేం చేశానంటే..

మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి సూటిగా తుడిచా. గుండ్రంగా తుడవొద్దు, గీత పడితే డేటా దారి వెంటే పడుతుంది. తర్వాత డీడీరెస్క్యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాడా. ఇది చదవలేని సెక్టార్లు దాటేసి ముందు బాగున్నవి తీసుకుంటుంది, ఆ తర్వాత మిగిలినవాటికి మళ్లీ ట్రై చేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది కూడా. అందుకే మిగతా పని ఫ్రెండ్ వాళ్ల పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో కొనసాగించగలిగా. రెండు మూడు చోట్ల బొమ్మ చెదిరింది గానీ, నాన్న గొంతు మాత్రం మొత్తం వచ్చింది.

మీ బీరువాలో ఇలాంటి డీవీడీ ఉంటే ఈ ఆదివారమే బయటికి తీయండి. ఫైల్ లిస్ట్ చూసి సరే అనుకోకండి. కాపీ చేసి, చివరిదాకా ప్లే చేసి చూడండి.