భూభారతి పోర్టల్‌కు రక్షణ: హెచ్‌టీటీపీఎస్

తెలంగాణలోని తిరుమలాయపాలెం రైతు తన భూమి వివరాలు చూసుకునే భూభారతి, 2025 ఏప్రిల్ 14న పాత పోర్టల్ ధరణి స్థానంలో వచ్చింది. దాని చిరునామా మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్ అంటే ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య సమాచారం గుప్తీకరణతో వెళ్తోందని.

ఆ పని చేసేది టీఎల్‌ఎస్. అందులో జరిగే మూడు పనులు గుర్తుంచుకోండి: సర్వర్ సర్టిఫికెట్ చూపుతుంది, బ్రౌజర్ సరిచూస్తుంది, రెండూ కలిసి రహస్య కీలను కుదుర్చుకుంటాయి. ఆపై సమాచారమంతా ఆ కీలతోనే, అంటే గుప్తీకరించడానికీ విప్పడానికీ ఒకే కీ వాడే సౌష్ఠవ గుప్తీకరణతో నడుస్తుంది. అందుకే వేగం.

అయితే హెచ్‌టీటీపీఎస్ దారికే భరోసా, సైటు యజమానికి కాదు. మోసగాళ్లకూ సర్టిఫికెట్ దొరుకుతుంది. ఓటీపీ ఇచ్చేముందు చిరునామాలో డొమైన్ పేరు డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగిసిందో లేదో తప్పక చూడాలి.

గుప్తీకరణ లేని హెచ్‌టీటీపీ వాడే పోర్టు 80, హెచ్‌టీటీపీఎస్‌ది 443. టీఎల్‌ఎస్‌కు మూలం నెట్‌స్కేప్ రూపొందించిన ఎస్‌ఎస్‌ఎల్; టీఎల్‌ఎస్ 1.3 వచ్చింది 2018లో.